దారికి తిప్పిన చెప్పులు

సోమశేఖరం గుమ్మం ముందున్న చెప్పులన్నీ తిప్పిపెట్టేవాడు, ఒక్క జత తప్ప.

ఎర్రగుట్ట దర్గాలో ఆ పని కొత్తగా వచ్చిన శిష్యులది. జనం లోపలికి వస్తూ విడిచిన చెప్పులు గుమ్మంకేసి చూస్తూ ఉంటాయి కదా. వాటిని జత చేర్చి, మొనలు దారివైపు ఉండేలా తిప్పాలి. దండం పెట్టుకుని బయటికొచ్చిన మనిషి వెతుక్కోకుండా, వెనక్కి తిరిగి వొంగకుండా, కాళ్ళు దూర్చుకుని పోవాలి. అది అక్కడి ఆచారం. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. ఎంత చదివి వచ్చినవాడైనా, ఎంత పెద్ద కారు దిగినవాడైనా ముందు ఆ రేకుల పందిరి కింద చెప్పుల మధ్యే కూర్చోవాలి. చాలామంది కొద్దిరోజులకే మొహం చాటేసేవారు.

సోమశేఖరం ఉండిపోయాడు. తన చెప్పులు మాత్రం పందిరి మూల, వచ్చిన రోజు విడిచినచోటే, గోడకేసి మొహం పెట్టుకుని దుమ్ముకొట్టుకుపోయాయి. వాటిని తాకనే లేదు. ఎక్కడికీ పోయే ఉద్దేశం లేనివాడికి చెప్పులతో ఏం పని?

గుమ్మం ముందు అతను తిప్పకుండా వదిలేసే ఆ ఒక్క జత ఓబులమ్మది. నల్లరబ్బరు చెప్పులు. ఎడమదాని పట్టీ తెగితే తెల్లదారంతో కుట్టుకుంది. గురువారం గురువారం బస్సు దిగి, ఎండలో గుట్టెక్కి వచ్చేది. ఊదు పొగలో ఒక మూల కూర్చునేది. ఏమీ మొక్కుకునేది కాదు. పోయేటప్పుడు పందిరి కింద ఉన్న సోమశేఖరంకేసి ఒక్కసారి చూసేది. ఆ సమయానికి అతను ఎప్పుడూ ఏదో ఒక చెప్పు దులుపుతూ తల వంచుకుని ఉండేవాడు. ఆమె వెనక్కి తిరిగి, నడుం పట్టుకుని వొంగి, తన చెప్పులు తనే తిప్పుకుని, గుట్ట దిగి వెళ్ళిపోయేది.

సోమశేఖరం చెడ్డవాడని కాదు. చీమను తొక్కడానికి కూడా మనసొప్పని మనిషి. కానీ ఓబులమ్మ కొడుకు మద్దిలేటి. హిమజ అనే బంగారంలాంటి పిల్లను గాల్లో పొట్టన పెట్టుకున్నవాడు. ఊరంతా అదే మాట. పేపర్లోనూ అదే వచ్చింది. ఒంగోల్లో హిమజ తల్లి అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ చచ్చిపోయిన కుర్రాడికి శాపనార్థాలు పెడుతోందట. ఓబులమ్మ వీధిలో నడుస్తుంటే, చూశావా, ఆ పిల్లాడి తల్లి ఈమే, అని వెనక గుసగుసలు.

ఆ మాట నిజం కాదని తెలిసినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. అతను పందిరి కింద కూర్చుని చెప్పులు దులుపుతున్నాడు.

*

ఈ సోమశేఖరం ఒకప్పుడు తనూ గురువే. చిన్న విమానాలు నడపడం నేర్పే బళ్ళో పంతులు. గుంటూరు వైపు మనిషి, ఉద్యోగం కోసం ఈ ఎర్రనేలకు వచ్చాడు. పిల్లాజెల్లా లేరు. ఉన్న ప్రేమంతా శిష్యుల మీదే, అందులో ముప్పాతిక హిమజ మీద. ఆ పిల్ల విమానం దింపితే చక్రాలు తాకిన సంగతి నేలకే తెలియదని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేవాడు. హిమజ సిగ్గుపడి, "ఊరుకోండి సార్," అనేది. ఊరుకునేవాడు కాదు.

మద్దిలేటి ఇంకో పంతులు శిష్యుడు. రేడియోలో ఇంగ్లీషులో మాట్లాడాలిరా అని ఎన్నిసార్లు చెప్పినా, కంగారులోనూ సంతోషంలోనూ తెలుగులోకి దిగిపోయేవాడు. తోటివాళ్ళు ఏడిపించేవారు. తనూ వాళ్ళతో కలిసి నవ్వేసేవాడు. టిఫిన్ల దగ్గర వరసలో అందరికంటే వెనక నిలబడేవాడు. "రా రా ముందుకి," అంటే, "పర్లేదు, మీరు కానీండి," అనేవాడు. అంతకుమించి సోమశేఖరం ఆ కుర్రాణ్ణి పట్టించుకున్నది లేదు.

ఒకరోజు పొద్దున వాళ్ళిద్దరూ చెరో విమానంలో, ఒంటరిగా, గాల్లో ఉన్నారు. కింద రేడియో పట్టుకుని ఉన్నది సోమశేఖరం. చూస్తుండగానే రెండు విమానాలూ ఒకదానికొకటి తగిలి, దిగే బాట అవతల వేరుశనగ చేలో పడ్డాయి. ఇద్దరూ దక్కలేదు.

విచారణ జరిగింది. పెద్దవాళ్ళు వచ్చి కొలతలు తీసుకున్నారు. దిగబోతూ మళ్ళీ పైకి లేచినవాడు చూసుకుని లేవాలి, లేచింది మద్దిలేటి, కాబట్టి తప్పు మద్దిలేటిది అని తేల్చారు. రేడియోలో ఏం మాట్లాడుకున్నారని సోమశేఖరాన్ని అడిగారు. మళ్ళీ చుట్టు తిరిగి వస్తానన్నాడు, నేను విన్నానని చెప్పాను, అన్నాడు. అబద్ధం కాదు, మొత్తం నిజమూ కాదు. వాళ్ళు తలూపి ముందుకు పోయారు. నీ తప్పేం లేదు, వచ్చి మళ్ళీ పిల్లలకు చెప్పుకో, అన్నారు.

అతను చెప్పలేకపోయాడు. విమానం చప్పుడు వింటే అరచేతులు చెమటలు పట్టేవి. ఉద్యోగం మానేసి, కనిపించిన స్వామినల్లా, సాధువునల్లా పట్టుకుని ఒకటే ప్రశ్న: "తప్పెవరిదండీ?" ఒకాయన కర్మ అన్నాడు. ఒకాయన కాలం అన్నాడు. ఇంకొకాయన గంటసేపు మాట్లాడి, చివరికి ఏమన్నాడో ఆయనకే తెలీకుండా పోయింది. తిరిగి తిరిగి ఎర్రగుట్టకు వచ్చాడు.

దర్గాను చూసుకునే పెద్దాయన పేరు మౌలాలి. హిందువులూ తురకలూ అందరూ తాత అనే పిలిచేవారు. బాగా ముసలితనం. మోకాళ్ళు రెండూ మొరాయించి చాలాకాలమైంది. లేవాలంటే ఒకరు పట్టుకోవాలి, కూర్చోవాలంటే ఎత్తు పీట కావాలి, నేలమీద కూర్చోవడమన్నది లేనేలేదు. నమాజు కూడా పీట మీదే.

ప్రశ్న విని తాత ఏ జవాబూ చెప్పలేదు. "చెప్పులు చూసుకో," అన్నాడు.

ఆ దర్గాలో గురువు ఒకణ్ణి శిష్యుడిగా ఒప్పుకున్నాడంటే అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకోవాలి. అంతే, మంత్రం లేదు, మాలా లేదు. సోమశేఖరం అడగగా అడగగా తాత అతని చేతులవైపు చూసి, "ఖాళీగా ఉన్నప్పుడు చూద్దాంలే," అనేవాడు. ఖాళీ చేతులే కదా అని సోమశేఖరం మనసులో నొచ్చుకునేవాడు.

వంట చేసే కాసింబీకి అతనితో ఇంకో పేచీ. ఆమె నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది. "నీళ్ళు తెమ్మంటే తెస్తాడు. కట్టెలు కొట్టమంటే కొడతాడు. సరే అని ఒక్క మాట అనడు! తలకాయ ఊపుతాడు. ఇదేం మనిషి తాతా, మాటకు మాట లేకుంటే నాకు పిచ్చెక్కుతుంది," అని ఒంటికాలి మీద లేచేది. తాత నవ్వేవాడు. కానీ ఆ మాట విని పారేయలేదు.

*

ఆ గురువారం జనం పల్చగా ఉన్నారు. కాసింబీ మలీదా చేసింది. రొట్టెలు వేడివేడిగా నలిపి, బెల్లం, నెయ్యి వేసి పిసికిన ప్రసాదం. దాని వాసన పందిరి దాకా వస్తోంది. ఓబులమ్మ లోపల ఎప్పటి మూలలోనే కూర్చుని ఉంది.

తాత ఇద్దరి భుజాలు ఆసరా పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చి, పీట వేయించుకుని కూర్చున్నాడు. పక్కనే మలీదా గంగాళం పెట్టించుకున్నాడు. తీసుకొచ్చినవాళ్ళు లోపలికి పోయాక చాలాసేపు చెప్పుల వరసకేసి చూశాడు.

"సోమూ, ఆ జత మర్చిపోయినట్టుండావే."

"మర్చిపోలేదు తాతగారూ."

"మరి?"

"వాటిని ముట్టుకోలేనండి."

"ఎందుకు? ముళ్ళున్నాయా?"

సోమశేఖరం తల వంచుకుని ఇంకో చెప్పు దులిపాడు. తాత గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు. ఆయనకు తొందరంటూ ఏమీ లేదు.

"అవి ఎవరివో మీకు తెలుసు," అన్నాడు చివరికి సోమశేఖరం.

"నాకు తెల్సింది నా దగ్గరుండనీ. నీకు తెల్సింది చెప్పు. ఆ పొద్దు ఏమయింది?"

విమానం నడిపేవాళ్ళకు ఒక అలవాటుంది. చేతుల్లేకుండా మాట్లాడలేరు. ఇలా వచ్చాను, అలా తిరిగాను అని చెప్పాలంటే అరచేతులు రెండూ విమానాలైపోవాలి. పెళ్ళివిందులో కూర్చున్నా, ఎంగిలిచేత్తోనైనా సరే, గాల్లో ఒక చుట్టు కొట్టి చూపించకుండా కథ చెప్పరు. సోమశేఖరం ఆ అలవాటు మానుకుని చాన్నాళ్ళయింది. ఈ దర్గాలో అతని చేతులు గాల్లోకి లేవడం ఎవరూ చూడలేదు.

ఇప్పుడు లేచాయి. ఎడమచెయ్యి పైన, అరచెయ్యి నేలకేసి. కుడిచెయ్యి దాని కింద, అది కూడా నేలకేసి.

"ఈ పైది హిమజ. ఈ కిందది... ఆ అబ్బాయి. ఇద్దరూ దిగడానికి వస్తున్నారు. హిమజ విమానానికి రెక్కలు కాళ్ళకింద ఉంటాయండి. కింద ఏముందో కనపడదు. ఆ అబ్బాయి విమానానికి రెక్కలు నెత్తిమీద. పైన ఏముందో కనపడదు."

"ఎగరేసే రెక్కే అడ్డమొచ్చిందన్నమాట, ఇద్దరికీ."

సోమశేఖరం తలెత్తి తాతను చూశాడు. ఇన్నాళ్ళూ తను చెప్పినవాళ్ళలో ఎవరూ ఆ మాట అనలేదు. మళ్ళీ చేతులకేసి చూసుకున్నాడు. అవి రెండూ గాల్లో మెల్లగా దిగుతున్నాయి.

"నేను కింద నుంచి చూస్తున్నాను. ఎండ కంట్లో పడుతోంది. ఒకటి ముందు, ఒకటి వెనక అనుకున్నాను. మధ్యన బోలెడంత ఎడం ఉందనుకున్నాను. ఒకదాని మీద ఒకటి ఉన్నాయండి."

"ఊఁ."

"హిమజ దిగుతున్నానని చెప్పింది. అది విని ఆ అబ్బాయి..." కుడిచేతికేసి చూసుకున్నాడు. "తెలుగులో అన్నాడండి, ఎప్పట్లాగే. 'సార్, ముందు ఆ అమ్మాయిని దిగనివ్వండి. నేను మళ్ళీ చుట్టు తిరిగొస్తాలే,' అన్నాడు."

తాత గడ్డం మీంచి చెయ్యి తీశాడు.

"నువ్వేమన్నావు?"

పందిరి రేకుల మీద ఏదో కాకి నడుస్తున్న చప్పుడు. లోపల ఎవరో దగ్గారు.

"సరే అన్నాను."

ఆ మాట అతని నోట్లోంచి వచ్చేసరికి కాసింబీ లోపల గరిటె ఆపింది.

"సరే అన్నాను తాతగారూ. రెండక్షరాలు. దానితో వాడు దిగడం మానుకుని పైకి లేచాడు." కింద ఉన్న కుడిచెయ్యి లేచింది. పైనున్న ఎడమచేతిని తగిలింది. రెండూ అక్కడే, ఒకదాని కింద ఒకటి, ఆగిపోయాయి. "వాడి మాట మొత్తం బయటపెడితే నా మాటా బయటపడుతుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు. వాణ్ణి తప్పుపట్టుకుని బతుకుతున్నాను. ఎవరిది తాతగారూ తప్పు? వాడిదా? నాదా? ఆ పిల్లదైతే కాదు కదా? చెప్పండి. మీరైనా చెప్పండి."

ఏడుస్తున్నాడు. ముక్కు తుడుచుకోవాలన్నా చేతులు కిందికి రావడం లేదు. ఆ పొద్దున ఎక్కడ ఆగాయో అక్కడే ఉన్నాయి.

మౌలాలి తాత ముందుకు వొంగాడు. ముడతలు పడ్డ రెండు చేతులూ చాచి, సోమశేఖరం చేతులు రెంటినీ కలిపి పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ అతను ఎదురుచూసింది ఆ స్పర్శ కోసమే. ఇప్పుడు ఆ సంగతే అతనికి గుర్తులేదు. తాత వాటిని అలాగే, విడదీయకుండా, మెల్లగా వెల్లకిలా తిప్పాడు. కింద ఉన్న చెయ్యి పైకొచ్చింది. దోసిలి అయింది, ప్రసాదానికి పట్టే దోసిలి.

గంగాళంలోంచి మలీదా తీసి ఆ దోసిలి నిండా పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది.

"ఓబులమ్మకిచ్చి రాపో. కింద పడనీకు."

*

ఆమె అప్పటికే లేచి వస్తోంది. గుమ్మం దాటి, ఎప్పట్లాగే వెనక్కి తిరిగి, నడుం మీద చెయ్యి వేసుకుంది. ఎదురుగా సోమశేఖరం నిలబడి ఉన్నాడు. తల వంచుకోవడానికి ఈసారి చేతిలో చెప్పు లేదు. చేతులు నిండుగా ఉన్నాయి. మొహమంతా తడి.

ఓబులమ్మ ఆగింది. ఆమె మొహంలో కోపం ఉంటుందనుకున్నాడు. శాపం ఉంటుందనుకున్నాడు. దగ్గరగా చూస్తే ఎండకు వడిలిన మొహం, అంతే. నిద్ర లేని కళ్ళు.

"అమ్మా," అన్నాడు. "మీ అబ్బాయి ఆఖరుసారి మాట్లాడింది నాతోనే."

"తెల్సు నాయనా," అంది ఓబులమ్మ. "రేడియో పట్టుకున్న సారు ఈడ ఉండాడని ఎవరో చెప్తే వచ్చినా. వాడు ఏమన్నాడో అడగల్లని ప్రతి వారమూ వచ్చేదాన్ని. నా చెప్పులే ముట్టనోడు నాతో ఏం మాట్లాడతాడులే అని గమ్మున పోయేదాన్ని."

ఆమె తిట్టినా అంత నొప్పి పెట్టేది కాదు.

"చెప్పు నాయనా. ఏమన్నాడు నా కొడుకు? బయపన్యాడా? అమ్మా అన్యాడా?"

"భయపడలేదమ్మా. సంతోషంగానే ఉన్నాడు. ముందు ఆ అమ్మాయిని దిగనివ్వండి సార్, నేను మళ్ళీ చుట్టు తిరిగొస్తాలే, అన్నాడు."

ఓబులమ్మ పెదాలు ఆ మాటనే లోలోపల తిరిగి పలుకుతున్నాయి. తర్వాత గుమ్మం పక్క అరుగు మీద కూలబడిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాడంతే," అంది. "చిన్నప్పటినుంచి అంతే సామీ. అన్నం పెడితే ముందు చెల్లెలికి పెట్టమనేటోడు. ఆకలైతా ఉన్నా సరే. నేను తిట్టేదాన్ని. ఎప్పుడూ ఎనకనే ఉంటే ఎట్లరా, ముందు నువ్వు తిను అని తిట్టేదాన్ని. ఇనేటోడు కాదు. చంపేసినాడంట నా కొడుకు. ఆ పాపను చంపేసినాడంట. వీదిలో తల ఎత్తుకోని నడిచి ఎన్నాళ్ళాయనో నాకు."

ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. సోమశేఖరం దోసిలి పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఓదార్చడానికి చెయ్యి ఖాళీ లేదు, ఓదార్చే అర్హత ఉందో లేదో తెలీదు.

"నేను సరే అన్నానమ్మా," అన్నాడు. ఆమె అడగకపోయినా అన్నాడు. "తిరిగి రమ్మన్నాను. పైన ఆ అమ్మాయి విమానం ఉందని నాకు తెలీలేదు. నేను సరే అనకపోతే లేచేవాడు కాదు."

ఓబులమ్మ కళ్ళు తుడుచుకుని అతన్ని తేరిపార చూసింది.

"నీమీద కోపం లేదని చెప్పలేను నాయనా. ఉండాది. ఇన్నాళ్ళు నోరు మూసుకున్నావే, దానికి ఇంకా ఉండాది."

"ఉంటుందమ్మా."

"ఆ పాప అమ్మకు ఈ మాట తెల్సునా?"

"తెలీదు. ఎవరికీ తెలీదు."

"ఆయమ్మ నా కొడుకును తిట్టుకుంటా ఉంటాదా?"

సోమశేఖరం చూపు దోసిలిలోకి దించుకున్నాడు. ఆమెకు అర్థమయింది. అరుగు మీద చెయ్యి ఆనించి, మూలుగుతూ లేచింది. అతను దోసిలి ముందుకు చాపాడు.

"తాతగారు మీకిమ్మన్నారమ్మా. తీసుకోండి."

ఓబులమ్మ మలీదాను చూసింది. వేలితో కూడా తాకలేదు. దోసిలిని రెండు చేతులతో మెల్లగా అతని గుండెలవైపే తోసింది.

"ముందు ఆయమ్మకు పెట్టి రా, నాయనా. వాడన్న మాట చెప్పు. నువ్వన్న మాట గూడా చెప్పు. నాదేముందిలే, నేను మళ్ళా గురువారం వస్తాలే."

సోమశేఖరం తలెత్తాడు. ఎండ కంట్లో పడుతోంది. ఎవరి గొంతది? చెవి దగ్గర రేడియో గరగరమన్నట్టయింది. ముందు ఆమెను. నేను మళ్ళీ వస్తాలే. ఆ తల్లికి తను ఏమన్నదో తెలీదు, మామూలుగా అనేసి, అతని జవాబు కోసం చూస్తోంది. లోపల కాసింబీ గరిటె ఆపే ఉంది. పీట మీద తాత కళ్ళు మూసుకుని ఉన్నాడు.

పెదాలు విడివడ్డాయి. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు.

"సరే," అన్నాడు సోమశేఖరం. "సరేనమ్మా."

భుజం మీది తువ్వాలు పళ్ళతో లాగి, మోచేత్తో అరుగు మీద పరిచి, మలీదా అంతా ఒక్క పలుకు కింద పడకుండా అందులో పోసి మూట కట్టాడు. తర్వాత ఆ నల్లచెప్పుల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెల్లదారం కుట్టు మీద దుమ్ము తుడిచాడు. రెంటినీ జత చేర్చి దారివైపు తిప్పాడు. ఓబులమ్మ ఎడమకాలు పెడుతూ తూలి, అతని భుజం పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది. రెండో కాలు కూడా పెట్టుకుని, నిలదొక్కుకుని, చెయ్యి తీసేసింది. ఇంకేమీ అనకుండా గుట్ట దిగింది. ఆ మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూడలేదు. తల మాత్రం వంచుకుని నడవలేదు.

సోమశేఖరం మూట చంకన పెట్టుకున్నాడు. ఒంగోలు బస్సు పెద్దరోడ్డు మీద దొరుకుతుంది. తాతకు చెప్పి పోదామని వెనక్కి తిరిగాడు.

తాత పీట మీద లేడు. పందిరి మూల, నేల మీద కూర్చుని ఉన్నాడు. గోడకు చెయ్యి ఆనించి రొప్పుతున్నాడు. పంచె మోకాళ్ళ దగ్గర ఎర్రమట్టి అంటుకుని ఉంది. చేతిలో తడిపిన గుడ్డపేలిక.

ఆయన ముందు సోమశేఖరం చెప్పులున్నాయి. దుమ్మంతా పోయి, తోలు రంగు బయటపడింది. రెండూ జతగా, దారికేసి చూస్తున్నాయి.